చిలీ బడుల మార్కెట్: ఎంపిక హక్కు ఎవరి చేతికి చిక్కింది?

ప్రభుత్వం బడికి డబ్బిస్తే చాలు, బడిని తానే నడపనక్కర్లేదు అన్న వాదనను ఆధునిక అర్థశాస్త్రంలో స్పష్టంగా ముందుకు తెచ్చినవాడు అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్. 1955లో రాసిన ఒక వ్యాసంలోనూ, 1962లో వెలువడిన పుస్తకంలోనూ ఆయన దీన్ని వివరించాడు. చదువు వల్ల చదివినవాడితో పాటు చుట్టూ ఉన్న సమాజానికీ మేలు జరుగుతుంది కాబట్టి ఆ ఖర్చును సమాజం భరించడం న్యాయమేననీ, అయితే ఆ డబ్బును బిడ్డ పేరున వోచరు రూపంలో తల్లిదండ్రుల చేతికివ్వాలనీ ఆయన ప్రతిపాదన. కనీస ప్రమాణాలకు తూగే ఏ బడిలోనైనా వాళ్లు దాన్ని చెల్లించవచ్చు. చాలకపోతే సొంత డబ్బు కొంత కలుపుకోవచ్చు. రేషన్ దుకాణంలో బియ్యం పంచే బదులు అంతే విలువ గల సొమ్మిచ్చి నచ్చిన కొట్లో కొనుక్కోమనడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

ఈ సలహాను ఆయన సొంత దేశం చాలాకాలం పట్టించుకోలేదు. అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఒక చిన్న వోచరు పథకం మొదలైంది 1990లో. అప్పటికి దాదాపు పదేళ్ల క్రితమే చిలీ తన మొత్తం పాఠశాల వ్యవస్థను ఈ సూత్రం మీదికి మార్చేసింది. స్వేచ్ఛా మార్కెట్ ఆలోచనలు ఒక దేశపు చదువును ఏం చేస్తాయో తెలుసుకోవాలంటే అంతకంటే పెద్ద, అంతకంటే దీర్ఘమైన ప్రయోగం మరెక్కడా దొరకదు. నలభై ఏళ్లు దాటిన ఆ అనుభవాన్ని కొందరు మార్కెట్ గెలిచిన కథగా చెబుతారు, మరికొందరు ఓడిన కథగా చెబుతారు. దగ్గర నుంచి చూస్తే రెండింటిలోనూ ఏదో లోటు కనిపిస్తుంది. పోటీ పెట్టగానే బడులు నిజంగానే పోటీపడ్డాయి. అయితే బాగా చదువు చెప్పి పేరు తెచ్చుకోవడం కష్టం, ఆలస్యం. బాగా చదివే పిల్లల్ని ఏరుకుని పేరు తెచ్చుకోవడం సులువు, చవక. ఈ రెండో దారి తెరిచి ఉన్నంతకాలం మొదటి దారిలో నడవాల్సిన అగత్యం బడులకు పెద్దగా కలగలేదు. 1990 తర్వాతి చిలీ విద్యా విధానాన్ని, ఆ రెండో దారిని ముందు మరింత వెడల్పు చేసి, తర్వాత అంచెలంచెలుగా మూయడానికి పడిన పాట్లుగా చదువుకోవచ్చు.

ఈ ఆలోచన, ఫ్రీడ్‌మన్ పాఠాలు చెప్పిన చికాగో నుంచి చిలీ రాజధాని శాంటియాగో చేరిన తీరు తెలిసిందే అయినా ఒకసారి చెప్పుకోవాలి. 1956లో చికాగో విశ్వవిద్యాలయానికీ, చిలీ క్యాథలిక్ విశ్వవిద్యాలయానికీ మధ్య, అమెరికా ప్రభుత్వ నిధులతో ఒక ఒప్పందం కుదిరింది. దాని కింద చిలీ యువకులు విడతలవారీగా చికాగో వెళ్లి ఆర్నాల్డ్ హార్బర్గర్ వంటి ఆచార్యుల వద్ద చదువుకుని, తిరిగొచ్చి శాంటియాగోలో పాఠాలు చెప్పారు. వీళ్లకే ‘చికాగో బాయ్స్’ అని పేరు పడింది. దాదాపు పదిహేనేళ్లు దేశ రాజకీయాల్లో వీళ్ల మాట చెల్లలేదు. సాల్వడార్ అలెండీ సోషలిస్టు ప్రభుత్వం నడుస్తున్న రోజుల్లో వీళ్లలో కొందరు కలిసి ఒక ఆర్థిక ప్రణాళిక రాసుకున్నారు. దాని మందం వల్ల దానికి ‘ఇటుక’ అన్న పేరు నిలిచిపోయింది. 1973 సెప్టెంబరు 11న సైన్యం అలెండీని కూలదోశాక ఆ ఇటుక జనరళ్ల బల్లల మీదికి చేరింది.

అయితే సైనిక ప్రభుత్వం వచ్చీ రాగానే బడుల్లో మార్కెట్ పెట్టలేదు. తొలి ఏళ్లలో దాని ధ్యాసంతా అదుపు మీదే. అలెండీ ప్రభుత్వం ప్రతిపాదించిన ఏకీకృత జాతీయ పాఠశాల పథకం అటకెక్కింది, ఉపాధ్యాయ సంఘం రద్దయింది, విశ్వవిద్యాలయాలకు సైనికాధికారులు అధిపతులయ్యారు. 1975లో ఫ్రీడ్‌మన్ శాంటియాగో వచ్చి సైనిక ప్రభుత్వాధిపతి జనరల్ పినోచెట్‌ను కలిసినప్పుడు కూడా ప్రధానంగా నడిచింది ద్రవ్యోల్బణం గురించిన చర్చే. సెర్హియో దె కాస్త్రో ఆర్థిక మంత్రిగా, మిగేల్ కాస్ట్ ప్రణాళికా కార్యాలయం అధిపతిగా కుదురుకున్నాకే, 1979లో ‘ఏడు ఆధునికీకరణలు’ అనే కార్యక్రమంలో కార్మిక చట్టాలు, పింఛన్లు, వైద్యంతో పాటు చదువూ చేరింది. (2025 డిసెంబరులో చిలీ అధ్యక్షుడిగా ఎన్నికైన హోసే ఆంటోనియో కాస్ట్ ఈ మిగేల్ కాస్ట్‌కు తమ్ముడే.) తల్లిదండ్రుల స్వేచ్ఛ పేరుతో వచ్చిన ఈ సంస్కరణ గురించి తల్లిదండ్రుల్ని ఎవరూ అడగలేదు. పార్లమెంటు మూతపడి ఉంది, పార్టీలు నిషేధంలో ఉన్నాయి. ప్రజాస్వామ్య దేశాల్లో వోచర్ల మీద ఏళ్ల తరబడి సాగే వాదోపవాదాలు చిలీలో జరగకపోవడానికి కారణం ఆ ఆలోచనలోని బలం అనుకుంటే పొరపాటు.

1980, 1981లలో రెండు పనులు జరిగాయి. మొదటిది, విద్యాశాఖ కింద ఉన్న సర్కారు బడుల్ని మున్సిపాలిటీలకు అప్పగించడం. మేయర్లు అప్పట్లో ప్రభుత్వం నియమించినవాళ్లే. మున్సిపల్ ఎన్నికలు మళ్లీ జరిగింది 1992లో. బడితో పాటు బదిలీ అయిన ఉపాధ్యాయులు ప్రభుత్వోద్యోగులుగా తమకున్న హోదా పోగొట్టుకుని, మామూలు ప్రైవేటు ఉద్యోగులకు వర్తించే నిబంధనల కిందికి వచ్చారు. అప్పటికే వాళ్లకు రావాల్సి ఉన్న ఒక జీత భత్యాన్ని చాలా మున్సిపాలిటీలు చెల్లించలేదు. ‘చారిత్రక బకాయి’గా పేరుపడిన ఆ సొమ్ము కోసం వాళ్లు నాలుగు దశాబ్దాలు పోరాడారు. చాలామంది అది చూడకుండానే కన్నుమూశారు. పాక్షిక పరిహారమిచ్చే చట్టం 2025లో గానీ రాలేదు.

రెండో పని డబ్బు నడిచే దారిని మార్చడం. అంతకుముందు బడికి బడ్జెట్ ఉండేది: ఇన్ని గదులు, ఇంతమంది ఉపాధ్యాయులు, ఇంత ఖర్చు అని. ఇప్పుడు బిడ్డకింత అని లెక్క. మున్సిపల్ బడికైనా, ప్రైవేటు యాజమాన్యానికైనా తలకు ఒకే మొత్తం. క్యాథలిక్ చర్చి వంటి సంస్థలు నడిపే ఉచిత బడులకు ప్రభుత్వ సాయం అంతకుముందూ ఉంది గానీ, అది సర్కారు బడి ఖర్చుతో పోలిస్తే తక్కువ. ఇప్పుడు సమాన సాయం దొరకడమే కాక, లాభం తీసుకునే హక్కు కూడా యాజమాన్యానికి వచ్చింది. తెలుగునాట ‘ఎయిడెడ్ బడి’ అనగానే గుర్తొచ్చే ట్రస్టు బడులకూ వీటికీ తేడా అక్కడే ఉంది. ఒక ఉపాధ్యాయుడు అప్పు చేసి నాలుగు గదులు కట్టి బోర్డు పెట్టినా, పిల్లలు చేరితే, నెల తిరిగేసరికి ప్రభుత్వం సొమ్ము వచ్చి పడేది.

ఆ సొమ్ము లెక్కకట్టే పద్ధతిని కాస్త దగ్గరగా చూడాలి. చేరిన పిల్లల సంఖ్యను బట్టి కాకుండా, వాస్తవంగా బడికి వచ్చిన పిల్లల సగటు హాజరును బట్టి నెలనెలా చెల్లింపు జరిగేది. అంటే ఉపాధ్యాయుడు పొద్దున్నే పేర్లు పిలిచి గుర్తులు పెట్టే హాజరు పట్టీ, బడికి ఆదాయ లెక్కల పుస్తకం కూడా అయింది. శీతాకాలంలో ఫ్లూ పాకినా, దక్షిణాది పల్లెల్లో వానలకు దారులు మునిగినా, ఆ నెల బడి రాబడి తగ్గేది. అదే నెల జీతాలు, కరెంటు బిల్లు, బొగ్గు ఖర్చు మాత్రం తగ్గవు. తప్పుడు గుర్తులు పట్టుకోవడానికి విద్యాశాఖ తనిఖీదారులు వచ్చి తరగతిలో తలలు లెక్కపెట్టి పట్టీతో సరిచూసుకునేవారు. పిల్లలు బడి మానకుండా చూడాల్సిన బాధ్యతను బడికి అంటగట్టిందన్న మేరకు ఈ పద్ధతిలో ఒక మంచి ఉంది. కానీ హాజరు తక్కువగా ఉండేది పేద కుటుంబాల పిల్లల్లోనే. బడి యజమాని లెక్కలో, ఇంట్లో పనికి ఆగిపోయే పిల్లవాడూ, రోజూ ఠంచనుగా వచ్చే పిల్లవాడూ సమానం కాలేదు. మొదటివాడు ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ.

ఫలితం తొందరగానే కనిపించింది. 1981లో సుమారు 78 శాతం పిల్లలు సర్కారు బడుల్లోనూ, 15 శాతం ప్రభుత్వ సాయం పొందే ప్రైవేటు బడుల్లోనూ ఉండగా, 1990 నాటికి సర్కారు వాటా 60 శాతం లోపుకు పడిపోయి, సాయం పొందే ప్రైవేటు వాటా మూడో వంతుకు చేరువైంది. 2010 దాటేసరికి ఈ ప్రైవేటు బడుల్లోనే సగానికి పైగా పిల్లలు ఉన్నారు. మున్సిపల్ బడులకు నలభై శాతం కూడా మిగల్లేదు. పూర్తి ఫీజుతో నడిచే ఉన్నత వర్గాల బడులు మాత్రం మొదటి నుంచీ ఏడెనిమిది శాతం దగ్గరే, ఈ గోల ఏదీ అంటకుండా, నిశ్చింతగా ఉన్నాయి.

ఈ తొలి దశాబ్దాన్ని చూసి మార్కెట్ సిద్ధాంతం మీద పూర్తి తీర్పు చెప్పడం అంత న్యాయం కాదు. 1982లో చిలీ ఆర్థిక వ్యవస్థ కుప్పకూలింది. వోచరు విలువను ధరలతో పాటు పెంచే ఏర్పాటు దెబ్బతిని, తలసరి సాయం అసలు విలువ ఏటేటా కరిగిపోయింది. ఉపాధ్యాయుల జీతాలు బాగా క్షీణించాయి. ప్రైవేటు యజమానులు నాణ్యత పెంచే పోటీకి దిగి ఉండాల్సిన కాలంలో అందరూ ఖర్చు తగ్గించుకునే పనిలో పడ్డారు. అయినా పినోచెట్ ఈ నిర్మాణాన్ని తన తర్వాత ఎవరూ కదపకుండా జాగ్రత్తపడ్డాడు. పదవి దిగడానికి ఒక్క రోజు ముందు, 1990 మార్చి 10న, విద్యకు సంబంధించిన మౌలిక చట్టాన్ని ప్రకటించాడు. దాన్ని సవరించాలంటే మామూలు మెజారిటీ చాలదు.

కథ మలుపు తిరిగింది ఆ తర్వాతే, అదీ ఎవరూ ఊహించని వైపు. ఫ్రీడ్‌మన్ ప్రతిపాదనలో తల్లిదండ్రులు సొంత డబ్బు కలుపుకునే వెసులుబాటు ఒక ముఖ్య భాగమైనా, సైనిక ప్రభుత్వ కాలంలో సాయం పొందే ప్రైవేటు బడులు ఫీజు వసూలు చేయడం పెద్దగా సాగలేదు. ఆ తలుపు బార్లా తెరిచింది 1993లో, ఎన్నికైన మధ్య-వామపక్ష ప్రభుత్వం. ఖజానా చాలడం లేదు, పన్ను సంస్కరణకు ప్రతిపక్షం మద్దతు కావాలి, మధ్యతరగతి కుటుంబాలు కొంత చెల్లించడానికి సిద్ధంగా ఉన్నాయి. ఇలా మూడూ కలిసొచ్చి ‘ఉమ్మడి వ్యయం’ అనే ఏర్పాటు పుట్టింది. ప్రైవేటు ప్రాథమిక పాఠశాలలూ, ఉన్నత పాఠశాలలూ నెలనెలా ఫీజు తీసుకోవచ్చు. ఫీజు పెరిగేకొద్దీ ప్రభుత్వ సాయంలో శ్లాబుల వారీగా 10, 20, 35 శాతం కోత పడుతుంది. కోత కంటే రాబడి ఎక్కువ కాబట్టి యజమానికి ఎటు చూసినా లాభమే. మున్సిపల్ ప్రాథమిక బడులకు ఫీజు అనుమతి లేదు.

విధాన రచయితల దృష్టిలో ఇది అదనపు వనరులు రాబట్టే సాధనం. ఊళ్లో జరిగింది వేరు. శాంటియాగో శివార్లలో ఒకే వీధిలో ఉన్న మూడు బడులు మూడు ఫీజులు పెట్టాయంటే, ఆ వీధి పిల్లలు మూడు వర్గాలుగా విడిపోయినట్టే. నెలకు కొద్దిపాటి పెసోలు కట్టగల కుటుంబం, ఏమీ కట్టలేని కుటుంబపు పిల్లల పక్కన తన బిడ్డ కూర్చోకుండా ఉండేందుకే ఆ కొద్దిపాటి సొమ్ము కట్టింది. ఫీజుతో బడి గోడలు మారకపోయినా, పాఠం మారకపోయినా, తోటి పిల్లలు మారారు. తల్లిదండ్రులు కొన్నది చాలావరకు అదే. వాళ్లను తప్పుపట్టడానికేమీ లేదు. మంచి తోటివారుంటే బిడ్డ బాగుపడుతుందన్న నమ్మకం ఏ దేశంలోనైనా ఉన్నదే. ఒక్కో కుటుంబం వైపు నుంచి తెలివైన నిర్ణయమే, దేశం మొత్తం మీద పిల్లల్ని ఆదాయం ప్రకారం వరుసగా పేర్చేసింది.

ఫీజుతో పాటు నడిచింది అడ్మిషన్ల వడపోత. నాలుగైదేళ్ల పిల్లలకు ‘ఆటల పరీక్ష’, తల్లిదండ్రులకు ఇంటర్వ్యూ, ఆదాయ ధ్రువపత్రం, కొన్ని మతసంస్థల బడుల్లో పెళ్లి సర్టిఫికెట్టూ బాప్టిజం పత్రమూ. తల్లిదండ్రులు బడిని ఎంచుకుంటారన్నది సిద్ధాంతం. గిరాకీ ఉన్న ప్రతిచోటా బడే తల్లిదండ్రుల్ని ఎంచుకుంది. లోపల వెనకబడ్డవాళ్లను మరుసటి ఏడు వేరే బడి చూసుకోమనడం కూడా మామూలైంది. ఇలా బయటికొచ్చిన ప్రతి బిడ్డనూ చేర్చుకోక తప్పనిది ఒక్క మున్సిపల్ బడే. కొన్నేళ్ల తర్వాత ఆ బడి సగటు మార్కులు తక్కువగా ఉన్నాయని, సర్కారు నిర్వహణ చేతకానిదని తేల్చడం తేలికైపోయింది.

మార్కుల లెక్క వచ్చింది ‘సిమ్సే’ అనే జాతీయ పరీక్ష నుంచి. 1988లో మొదలైన ఈ పరీక్ష ఫలితాల్ని 1995 నుంచి బడులవారీగా బయటపెట్టారు. పత్రికలు పట్టికలు వేశాయి. ఇంటర్ ఫలితాల మర్నాడు ర్యాంకుల ప్రకటనలతో నిండిపోయే మొదటి పేజీలు చూసిన తెలుగు పాఠకులకు ఆ వాతావరణం విడమర్చి చెప్పనక్కర్లేదు. సరుకు నాణ్యత తెలియనిదే కొనేవాడు సరిగ్గా ఎంచుకోలేడు కాబట్టి సమాచారం ప్రచురించాలన్నది మార్కెట్ తర్కం. కాని బడి సగటు మార్కులో ఉపాధ్యాయుల కృషి ఎంతో, పిల్లల ఇళ్లలోని చదువూ సంపదా ఎంతో ఆ పట్టిక చెప్పదు. రెండోదే ఎక్కువని పరిశోధకులు మొదటి నుంచీ చెబుతూ వచ్చారు. పట్టికలో పైకెక్కాలంటే పాఠం మెరుగుపరచడం కంటే అడ్మిషన్ రోజున జాగ్రత్తపడడం ఎక్కువ ఫలితమిస్తుందని యాజమాన్యాలకు ఒకరు నేర్పాల్సిన పని లేకపోయింది.

పోటీ వల్ల మొత్తం వ్యవస్థ మెరుగుపడిందా అన్న ప్రశ్నకు ఎక్కువమంది ఉదహరించే సమాధానం చాంగ్-తాయ్ షియే, మిగెల్ ఉర్కియోలా అనే ఆర్థికవేత్తలు 2006లో ప్రచురించిన అధ్యయనం. ప్రైవేటు బడులు వేగంగా పెరిగిన మున్సిపాలిటీలనూ, నెమ్మదిగా పెరిగినవాటినీ వాళ్లు పోల్చారు. పోటీ పెరిగిన చోట సగటు మార్కులు గానీ, చదువు పూర్తి చేసే ఏళ్లు గానీ ప్రత్యేకంగా పెరిగిన జాడ లేదు. సర్కారు బడుల నుంచి ఉన్నవాళ్ల పిల్లలు ఖాళీ అవడం మాత్రం స్పష్టంగా కనిపించింది. దీనితో ఏకీభవించనివాళ్లూ ఉన్నారు. వేరే పద్ధతుల్లో లెక్కగట్టి పోటీకి అనుకూల ఫలితాలు చూపినవాళ్లూ ఆర్థికవేత్తలే. ప్రైవేటు బడులన్నీ ఒక్క తీరుగా లేవన్నది ఇంకో విషయం. క్యాథలిక్ బడులు మున్సిపల్ బడుల కంటే కొంత మెరుగ్గానూ, లాభం కోసం నడిచే చాలా బడులు వాటికి సమానంగానో కాస్త వెనకగానో కనిపించాయి.

చిలీ సాధించినదాన్ని తక్కువ చేయడమూ సరికాదు. ఉన్నత పాఠశాల దాకా చదివే పిల్లల వాటా గణనీయంగా పెరిగింది. అంతర్జాతీయ ‘పీసా’ పరీక్షల్లో లాటిన్ అమెరికా దేశాల మధ్య చిలీ ముందువరసలో ఉంటూ వచ్చింది. అయితే ఈ ఎదుగుదలలో మార్కెట్ వాటా ఎంతో విడదీయడం కష్టం. ఎందుకంటే 1990 తర్వాత ప్రభుత్వం చేతులు కట్టుకు కూర్చోలేదు. అత్యంత వెనకబడిన బడులకు ‘పి-900’ అనే ప్రత్యేక కార్యక్రమం పెట్టింది, 1991లో ఉపాధ్యాయులకు మళ్లీ సర్వీసు రక్షణ కల్పించింది, 1997 నుంచి ఒంటిపూట బడుల్ని పూర్తి రోజు బడులుగా మార్చింది, ఖర్చు ఎన్నో రెట్లు పెంచింది. మార్కెట్ మీద ఇంత ప్రభుత్వ పని పేరుకున్నాక ఫలితాన్ని ఏదో ఒకదాని ఖాతాలో వేయడం రాజకీయ నాయకులకే చెల్లు.

వడపోతను తీసేస్తే ప్రైవేటు బడి ఆధిక్యం ఎంత మిగులుతుంది? ఈ ప్రశ్నకు అత్యంత జాగ్రత్తగా జరిగిన పరీక్షల్లో ఒకటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు 2008లో మొదలైన ఒక వోచరు పథకాన్ని అయిదు జిల్లాల్లోని 180 గ్రామాల్లో అధ్యయనం చేశారు. వోచరు ఎవరికన్నది లాటరీ తేల్చింది. ప్రైవేటు బడి ఆ పిల్లల నుంచి అదనంగా ఏమీ వసూలు చేయకూడదు, వడపోత పెట్టకూడదు. నాలుగేళ్ల తర్వాత చూస్తే, వోచరుతో ప్రైవేటు బడికి వెళ్లిన పిల్లలకూ, లాటరీలో రాక సర్కారు బడిలోనే మిగిలినవాళ్లకూ తెలుగులో, లెక్కల్లో తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు. సర్కారు బడుల్లో ఆ తరగతులకు హిందీ చెప్పడం దాదాపు లేదు మరి. ఇంకోవైపు, ప్రైవేటు బడి ఒక్కో బిడ్డ మీద పెట్టే ఖర్చు సర్కారు ఖర్చులో మూడో వంతు కూడా లేదు. తెలుగుకూ లెక్కలకూ అవి కేటాయించిన సమయమూ తక్కువే. మార్కెట్ పక్షం వాళ్లు ఈ ఫలితాన్ని చూపి తక్కువ ఖర్చుతో సమాన ఫలితం అంటారు. ఎదుటి పక్షం, ఆ చౌకదనానికి మూలం ఉపాధ్యాయుల చాలీచాలని జీతాలేనంటుంది. రెండూ నిజమే. ప్రైవేటు బడి మార్కుల్లో కనిపించే ఆధిక్యంలో పెద్ద భాగం పిల్లల నేపథ్యానిదేనన్న చిలీ అనుమానానికి మాత్రం ఇక్కడ గట్టి ఆధారం దొరికింది.

1992లో వోచర్లు తెచ్చిన స్వీడన్, చిలీ చేసిన తప్పుల్లో కొన్నింటిని ముందే తప్పించుకుంది. అక్కడ ఫీజు నిషేధం, ప్రవేశ పరీక్షలకూ చాలావరకు తావు లేదు, ముందొచ్చినవాళ్లకు ముందు సీటు. లాభం మాత్రం అనుమతించారు. 2013లో ఒక పెట్టుబడి నిధి యాజమాన్యంలోని ‘జేబీ’ పాఠశాలల గొలుసు దివాలా తీసి, వేలాది పిల్లలు బడి వెతుక్కోవాల్సి వచ్చాక ఆ అనుమతి మీదా పెద్ద చర్చ లేచింది. బిడ్డ పుట్టగానే క్యూలో పేరు రాయించే తల్లిదండ్రులు ఎవరై ఉంటారన్నది ఊహించడం కష్టం కాదు.

చిలీలో పిల్లల్ని ఏరుకునే దారికి గేట్లు మూయించింది ఆర్థికవేత్తలు కాదు, పిల్లలే. 2006లో తెల్ల చొక్కా, ముదురు నీలం కోటు యూనిఫాంలో లక్షలాది హైస్కూలు విద్యార్థులు వీధుల్లోకొచ్చారు. యూనిఫాం చూసి జనం ఆ ఉద్యమానికి ‘పెంగ్విన్లు’ అని పేరు పెట్టారు. ఉచిత బస్ పాస్, పరీక్ష ఫీజు రద్దు వంటి కోరికలతో మొదలై, పినోచెట్ చివరి రోజు చట్టాన్ని రద్దు చేయాలన్న డిమాండ్ దాకా అది వెళ్లింది. అప్పటి అధ్యక్షురాలు మిషెల్ బాచెలెట్ ప్రభుత్వం కమిషన్ వేసింది. 2007లో పార్టీల నేతలందరూ చేతులు కలిపి పైకెత్తి ఒప్పందం కుదిరిందని ఫొటో దిగారు. 2009లో కొత్త చట్టం వచ్చింది. లాభం, ఫీజు, వడపోత మూడూ దాదాపు అలాగే మిగలడంతో విద్యార్థులకు ఆ ఫొటో మోసానికి గుర్తయింది.

ఆ గొడవలో పెద్దగా ఎవరి కంటా పడని చట్టం 2008లో ఒకటి వచ్చింది. పేద బిడ్డకు వోచరు విలువను బాగా పెంచి, ఆ అదనపు సొమ్ము కావాలనుకునే బడి ఆ బిడ్డ నుంచి ఫీజు తీసుకోకూడదని, వడపోత పెట్టకూడదని షరతు పెట్టింది. పేద బిడ్డకు చదువు చెప్పడం ఎక్కువ ఖర్చుతో కూడిన పని అని మొదటిసారి లెక్కల్లో ఒప్పుకున్నది ఇక్కడే. ఆ తర్వాతి ఏళ్లలో పేద పిల్లల మార్కులు మెరుగుపడి అంతరం కొంత తగ్గిందని పలు అధ్యయనాలు చూపాయి. చిత్రమేమంటే ఇది మార్కెట్‌ను కూలదోసిన చర్య కాదు. ధరను సరిదిద్దిన చర్య. మార్కెట్ భాష నేర్చినవాళ్లే మార్కెట్‌లోని ఈ లోపాన్ని అందరికంటే బాగా గుర్తించారని ఒప్పుకోవాలి.

2011 ఉద్యమం విశ్వవిద్యాలయాలది. 1981 చట్టాలు చిలీ విశ్వవిద్యాలయం నుంచి ప్రాంతీయ శాఖల్ని విడగొట్టి, కొత్త ప్రైవేటు విశ్వవిద్యాలయాలకు దారి తెరిచాయి. చట్టం ప్రకారం ఇవి లాభాపేక్ష లేనివే. కాని యజమానులు తమ సొంత రియల్ ఎస్టేట్ కంపెనీ పేరున భవనాలు కట్టి, విశ్వవిద్యాలయానికే భారీ అద్దెకిచ్చి లాభాన్ని ఆ దారిన తీసుకునేవారు. 2005లో వచ్చిన ప్రభుత్వ హామీ గల బ్యాంకు రుణం లక్షల కుటుంబాలకు తొలిసారి కాలేజీ చూపించింది, దాంతో పాటే ఆరు శాతం దగ్గర వడ్డీ గల అప్పునూ చేతికిచ్చింది. కమీలా వయేహో, గాబ్రియెల్ బోరిక్ వంటి విద్యార్థి నాయకులు ‘లాభం వద్దు’ అన్న నినాదంతో నెలల తరబడి నగరాల్ని స్తంభింపజేశారు. వడ్డీని రెండు శాతానికి తగ్గించారు. 2016 నుంచి పేద కుటుంబాల విద్యార్థులకు ఉచిత ఉన్నత విద్య మొదలైంది. ఉద్యమం జరిగిన పదకొండేళ్లకు, 2022లో, బోరిక్ దేశాధ్యక్షుడయ్యాడు.

బడుల విషయంలో అసలు గేట్లు పడింది 2015లో వచ్చిన సమ్మిళిత విద్యా చట్టంతో. ప్రభుత్వ సొమ్ము తీసుకునే బడి లాభం తీయకూడదు, ఫీజును క్రమంగా ఎత్తేయాలి, పిల్లల్ని వడపోయకూడదు. దీనికి వ్యతిరేకంగా వీధికెక్కినవాళ్లలో యజమానులతో పాటు తల్లిదండ్రులూ ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది ధనికులేమీ కాదు. ఏళ్ల తరబడి కడుపు కట్టుకుని కట్టిన నెలసరి ఫీజు తమ బిడ్డను ఒక మెట్టు పైన నిలబెట్టిందని నమ్మినవాళ్లు. మార్కెట్‌ను ఒక్క డిక్రీతో తేవచ్చు గానీ, అది ముప్పై ఏళ్లలో పోగేసుకున్న మద్దతుదారుల్ని డిక్రీతో తీసేయలేరని 2014 నాటి ఆ ఊరేగింపులు చూసిన మంత్రులకు అర్థమయ్యే ఉంటుంది.

వడపోత స్థానంలో వచ్చింది కేంద్రీకృత అడ్మిషన్ విధానం. 2016లో దక్షిణ కొసన ఉన్న మగయానెస్ ప్రాంతంలో మొదలై, 2019 నాటికి రాజధాని సహా దేశమంతటా విస్తరించింది. తల్లిదండ్రులు కంప్యూటర్‌లో తమకు నచ్చిన బడుల్ని వరుస క్రమంలో పెడతారు. తోబుట్టువులకూ, పేద పిల్లలకు కేటాయించిన వాటాకూ, బడి సిబ్బంది పిల్లలకూ ప్రాధాన్యం పోను, మిగతాది లాటరీ. సీట్లను సర్దే సూత్రం డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ 1962లో ప్రతిపాదించిన పద్ధతి మీద ఆధారపడింది. షాప్లీకి 2012లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. ఫ్రీడ్‌మన్ వాగ్దానం చేసిన తల్లిదండ్రుల ఎంపిక, ధరా వడపోతా తీసేశాక, ఇంకో రకం అర్థశాస్త్రం సాయంతో అమల్లోకి వచ్చిందన్నమాట. విమర్శకులు దీన్ని తిరునాళ్లలో తిప్పే లాటరీ చక్రంతో పోల్చి వెక్కిరిస్తారు.

సర్కారు బడుల్ని మున్సిపాలిటీల నుంచి తీసి కొత్త ప్రాంతీయ సంస్థలకు అప్పగించే చట్టం 2017లో వచ్చింది. కూలిపోతున్న కప్పులు, పాత అప్పులు, చెల్లించని పింఛను వాటాలు ఆ సంస్థలకు వారసత్వంగా వచ్చాయి. 2023లో అటకామా ప్రాంతంలో భవనాల దుస్థితి మీద ఉపాధ్యాయులు సమ్మె చేసి వారాల తరబడి బడులు మూతపడ్డప్పుడు, యాజమాన్యం మార్చినంత మాత్రాన బడి మారదని అందరికీ తెలిసొచ్చింది. దశాబ్దాలుగా పిల్లలతో పాటు డబ్బూ వెళ్లిపోయిన భవనాలవి.

ఇప్పుడు వాదన ఎక్కువగా నడుస్తున్నది శాంటియాగో నడిబొడ్డున ఉన్న ఇన్‌స్టిట్యూటో నేషనల్ చుట్టూ. 1813లో స్థాపించిన ఈ సర్కారు బడి దేశానికి డజనుకు పైగా అధ్యక్షుల్ని ఇచ్చింది; ప్రవేశ పరీక్షతో పిల్లల్ని ఏరుకుని, పేద, మధ్యతరగతి కుటుంబాల చురుకైన కుర్రాళ్లకు ధనికుల బడులతో తలపడే చోటుగా పేరు పొందింది. కొత్త చట్టం ఆ పరీక్షనూ తీసేసింది. విశ్వవిద్యాలయ ప్రవేశ ఫలితాల్లో ఆ బడి స్థానం జారింది. ఏళ్ల తరబడి బడి గేటు దగ్గర పోలీసులతో ఘర్షణలు ఆ పతనానికి ఎంత కారణమో, పరీక్ష రద్దు ఎంత కారణమో ఎవరి లెక్క వారిది. ప్రతిభను బట్టి ఎంపిక మళ్లీ తేవాలని కుడిపక్షం అడుగుతోంది. అప్పట్లో చట్టాన్ని సమర్థించినవాళ్లలోనూ కొందరు, సర్కారు చేతిలో ఉన్న నాలుగు పేరున్న బడుల్నీ పోగొట్టుకున్నామా అని సందేహపడుతున్నారు. పూర్తి ఫీజు వసూలు చేసే ఏడెనిమిది శాతం బడులకు ఈ చట్టం ఏనాడూ వర్తించలేదు. అక్కడ ఆటల పరీక్షా, తల్లిదండ్రుల ఇంటర్వ్యూ ఇప్పటికీ సాగుతూనే ఉన్నాయి.